జడ బాబాయి మొక్కు

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి నేపర్‌విల్ వచ్చే ట్రైన్‌లో కూర్చుని, శనివారం కటింగ్‌కి ఫోన్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేసుకున్నాను. అది అయిందో లేదో స్క్రీన్ మీద ఒక వార్త ఊడిపడింది. మా బేస్‌బాల్ టీమ్ షార్ట్‌స్టాప్ కుర్రాణ్ణి వేరే ఊరి టీమ్‌కి ఇచ్చేశారట. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, దూసుకొచ్చే బంతుల్ని ఆపేవాడు. ఈ కుర్రాడు బంతి ఆపుతాడు, కొడతాడు, లేడిలా పరిగెడతాడు. టికెట్ కొనుక్కుని వెళ్ళినందుకు మా టీమ్‌లో చూడదగ్గవాడు ఇప్పుడు వాడొక్కడే. వాడికి బదులు మాకు దక్కింది ఎక్కడో చిన్న ఊళ్ళలో ఆడుకుంటున్న, ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాని ముగ్గురు పిల్లలు. "భవిష్యత్తు మీద మాకెంతో ఉత్సాహంగా ఉంది" అని టీమ్ యజమాని గారు సెలవిచ్చారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ముందూ వెనకా చూసుకోకుండా బాబాయికి ఫోన్ కొట్టాను. రెండు రింగులయ్యాక గుర్తొచ్చింది, ఆయన చలికాలంలోనే పోయారని. పెట్టేసే లోపే పిన్ని ఎత్తింది. ఆ ఫోన్‌ని ఆవిడ ఇప్పటికీ రోజూ చార్జింగ్‌లో పెడుతోంది.

"అమ్మేశారటగా?" అంది, హలో కూడా అనకుండా.

ఆ తరవాత ఆవిడ చెప్పిన మాట ఇంకొకటి ఉంది. అది అర్థం కావాలంటే ముందు బాబాయి సంగతి తెలియాలి.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఈ చుట్టుపక్కల తెలుగు వాళ్ళందరికీ ఆయన జడ బాబాయి. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, నుదుట సన్నటి బొట్టు, వెనకాల నడుం దాకా నెరిసిన జడ. హైవే వంతెనలు తనిఖీ చేసే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ జడని చుట్ట చుట్టి హెల్మెట్ కింద కుక్కుకుని వంతెనల కింద తిరిగేవారని పిన్ని చెప్పేది. కొత్తగా చూసినవాళ్ళు ఆయన్ని సన్యాసనో, కవి అనో అనుకునేవారు.

నేనూ అలాగే పప్పులో కాలేశాను. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఒకరింట్లో భోజనాలకి పిలిస్తే వెళ్ళాను. మగవాళ్ళంతా బేస్‌మెంట్‌లో క్రికెట్ చూస్తూ గోల గోల చేస్తున్నారు. మంచినీళ్ళ సీసాలు తెద్దామని గరాజ్‌లోకి వెళ్తే అక్కడ మడత కుర్చీలో ఒక జడ కూర్చుని రేడియో వింటోంది.

"మీరు సంగీతం నేర్పుతారాండీ?" అన్నాను.

ఆయన రేడియో సౌండ్ తగ్గించి నన్ను ఎగాదిగా చూశారు. "జడ చూసి అడిగావా? ఇది సంగీతం కాదు నాయనా, టీమ్. ఆ సీసాలు అక్కడ పెట్టి కూర్చో. బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, ఆట మంచి పట్టు మీదుంది, లోపల నీకేం పనుంది?"

కూర్చున్నాను. అంతే, తరవాత పదేళ్ళకి పైగా లేవలేదు.

మొక్కు కథ ఆ రోజే చెప్పారు. ఆయన ఇంకా వయసులో ఉన్నప్పుడు మా టీమ్ ఛాంపియన్‌షిప్ దాకా వెళ్ళి, గుమ్మం ముందు బోర్లాపడింది. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, గుడికి వెళ్ళి వెంకటేశ్వరస్వామి ముందు నిలబడ్డారు. మామూలుగా మనవాళ్ళు కోరిక తీరితే తలనీలాలు ఇస్తామని మొక్కుకుంటారు. అక్కడితో ఆపి ఉంటే గొడవే లేకపోను. బాబాయి కోపంలో ఇంకో ముక్క కలిపారు. "నా టీమ్ ఛాంపియన్ అయ్యేదాకా ఈ తలకి కత్తెర తగలనివ్వను స్వామీ" అన్నారు.

"వచ్చే ఏడు గెలిచేస్తారనుకున్నారు ఈయన" అనేది పిన్ని. "మొక్కుకి గడువు పెట్టుకోవాలని తెలీదూ? ఇంజినీరట, ఇంజినీరు!"

వాళ్ళమ్మాయి రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "నాన్నా, వేరే టీమ్ చూస్కో. ఇట్స్ ఓకే. దేవుడు మైండ్ చెయ్యడు" అనేది ఫోన్‌లో.

"మొక్కుకి ట్రాన్స్‌ఫర్ ఉండదమ్మా" అనేవారు బాబాయి.

ఆయనకి రెండు సీజన్ టికెట్లుండేవి. పిన్ని రానంటే రానంది కాబట్టి రెండో సీటు నాకు దక్కింది. స్టేడియంలో అడుగుపెట్టగానే సిమెంటు మెట్టు ముట్టుకుని కళ్ళకద్దుకునేవారు. ఆ పైన, మా ఎదురుగా, యజమాని గారు కూర్చునే అద్దాల గది ఉంది. బాబాయి తన సీట్లో కొంచెం పక్కకి తిరిగి కూర్చునేవారు, ఆ గది కంట పడకుండా. మూడో బేస్ చూడాలంటే మెడ నొప్పి పెట్టేది. అయినా సరే. యజమాని పేరు నోటితో అనేవారు కాదు. "ఆ మహానుభావుడు" అనేవారంతే. పేరెత్తితే మేం తీసుకెళ్ళిన డబ్బాలో పులిహోర పాచిపోతుందట.

నాకు ఆట నేర్పింది ఆయనే గానీ, ఆటకన్నా ముందు అసహ్యం నేర్పారు. అది తప్పనిసరి మరి. మా టీమ్‌కి ఆటగాళ్ళు రాకపోవడమనే సమస్య ఎప్పుడూ లేదు. వచ్చినవాడు కాస్త పైకి రాగానే వాణ్ణి అమ్మేయడమే వచ్చిన చిక్కు. టీమ్ యజమాని ఎవరు? తండ్రి కొన్న టీమ్ వారసత్వంగా చేతికొచ్చిన కొడుకు. ఆయన కింద పనిచేసే మేనేజ్‌మెంట్ అంతా చేతుల్లేని కోట్లు వేసుకుని, లాప్‌టాప్ చంకన పెట్టుకుని తిరిగే బాపతు. వాళ్ళు అమ్మిన ప్రతిసారీ "రాబోయే కుర్రాళ్ళని చూడండి" అంటారు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అనేవారు బాబాయి. ఆయన దగ్గర ఒక చిన్న పొడి "థూ" ఉండేది. ఉమ్మి ఉండదు, శబ్దమే. అది వినపడిందంటే మేనేజ్‌మెంట్ ఏదో నిర్ణయం తీసుకుందన్నమాట.

ఎన్నని చెప్పను వాళ్ళ ఘనకార్యాలు? ఆట మధ్యమధ్యలో ఆర్గన్ వాయించే ముసలాయన్ని పంపించేసి ఆ చోట రికార్డు పెట్టారు. ఆకాశమంత స్కోర్‌బోర్డు కట్టారు, దాని మీద రాసుకోవడానికి స్కోరు మాత్రం లేదు. "తుప్పు పట్టిన దూలానికి పెయింట్ వేసి సరిపెట్టిన ఇంజినీర్ని మేం ఉద్యోగంలోంచి పీకేసేవాళ్ళం రా. ఇక్కడ వాడికి ప్రమోషన్" అనేవారు బాబాయి. అన్నిటికన్నా రోత పుట్టించింది బొమ్మల సంగతి. ఏడాదికి కొన్నిసార్లు ఆటగాళ్ళ బొమ్మలు పంచుతారు, తల ఊగే బొమ్మలు. ఒకసారి మంచి పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, వాడి బొమ్మ పంచుతున్నారని జనం ఎండలో లైన్ కట్టి నిలబడ్డారు. ఆ పిచ్చర్ని అప్పటికి వారం కిందటే అమ్మేశారు! అయినా బొమ్మలు తయారై ఉన్నాయి కాబట్టి, సిగ్గూ ఎగ్గూ లేకుండా పంచిపెట్టారు. అమ్మి పారేసిన మనిషి తల ఊపుతూ చేతికొచ్చాడు.

బాబాయి ఆ బొమ్మని ఇంటికి తీసుకెళ్ళి పిన్నికిచ్చారు. ఆ దసరాకి వాళ్ళ బొమ్మల కొలువులో రాముడు సీత, పెళ్ళివారి మేళం, కోమటాయన కొట్టు వీటన్నిటి కింద ఒక మెట్టు కొత్తగా వెలిసింది, అమ్ముడుపోయినవాళ్ళ మెట్టు. ఏడాదికొకరు చొప్పున వచ్చి చేరుతుంటే ఆ మెట్టు నిండిపోయి, పక్కన స్టూలు వేయాల్సొచ్చింది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళకి కూడా అక్షింతలు వేసి వెళ్ళేవారు. హారతి ఇచ్చేటప్పుడు బాబాయి గది బయట నిలబడి చూస్తుండేవారు. దసరా రోజుల్లోనే వేరే ఊళ్ళలో అసలైన పోటీలు జరుగుతుంటాయి. మా టీమ్ ఆట ముగిసిపోయి బాబాయికి మాత్రం అప్పటికి ఖాళీ.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అనేది పిన్ని. "టీమ్ గలాయనే హాయిగా నవ్వుతూ తిరుగుతుంటే మీకెందుకీ బీపీ?"

"కత్తిపీట తప్ప ఇంకెవరికీ పట్టలేదు కాబట్టే" అనేవారాయన.

ఒక ఏడు మాత్రం నిజంగా ఆశ పుట్టింది. ఆ వేసవి మొదటినుంచీ మా టీమ్ అందరికన్నా పైన ఉంది. బాబాయి జడకి రోజూ కొబ్బరినూనె రాసి దువ్వుకోవడం మొదలుపెట్టారు, స్వామికి ఇచ్చేది శుభ్రంగా ఉండాలని. జులై ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం. ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకోవడానికి గడువు ముగిసే రోజులవి. మూడు పరుగుల ఆధిక్యంలో ఉన్నాం. బాబాయి పులిహోర ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు.

"అటు చూడు" అన్నారు.

మైదానం పక్కన ఆటగాళ్ళు కూర్చునే చోట మా ఎడమచేతి వాటం పిచ్చర్ నిలబడి ఉన్నాడు. ఒకరి తరవాత ఒకరు వచ్చి వాణ్ణి కౌగిలించుకుంటున్నారు. ఆట ఇంకా నడుస్తూనే ఉంది. ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమైంది బాబాయ్? వాళ్ళింట్లో ఎవరైనా పోయారా?"

"మనింట్లోనే" అన్నారు. ముద్ద డబ్బాలో పెట్టేసి మూత బిగించారు. "అమ్మేశారు రా. అందరికన్నా పైన ఉండగా అమ్మేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే."

మొదటిసారి ఆయన సీట్లో నిటారుగా తిరిగి, ఆ అద్దాల గది వైపు సూటిగా చూశారు. అక్కడ మహానుభావుడు ఎవరితోనో నవ్వుతూ ఏదో తింటున్నాడు.  ఆ నవ్వు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు మేం గెలిచాం. ఆ తరవాత ఆడింది మాత్రం ఒక్కటీ సవ్యంగా ఆడలేదు, సీజన్ అయ్యేసరికి ఎక్కడో అడుగున తేలాం.

ఆ చలికాలం సీజన్ టికెట్ వాళ్ళందర్నీ మేనేజ్‌మెంట్ ఒక సమావేశానికి పిలిచింది. అభిమానుల మాట వింటారట. కాఫీ, కుకీలు, వేదిక మీద చేతుల్లేని కోటు వేసుకున్న ప్రెసిడెంట్ ఒకడు. పిల్లకాకి వయసు. ప్రాసెస్ అన్నాడు, ఓపిక అన్నాడు, తెర మీద గీతలు చూపించాడు. బాబాయి చెయ్యెత్తి లేచి, జడ ముందుకి వేసుకుని, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు.

"మాది వరి పండించే కుటుంబం. నారు పోస్తారు, ఊడుస్తారు, తరవాత కోస్తారు. మీరు ఏటా నారు పోస్తున్నారు. చేను పండగానే పక్కవాడికిచ్చి, మళ్ళీ విత్తనాలు తెచ్చుకుంటున్నారు. మీరసలు కోత ఎప్పుడు కోస్తారు?"

హాలంతా చప్పట్లు. వెనకెవరో ఈల వేశారు. ప్రెసిడెంట్ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "చాలా మంచి ప్రశ్న. మీ ప్యాషన్‌కి థాంక్యూ" అని, పక్క వరసలో ఇంకొకరికి మైక్ ఇప్పించాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.  తిరిగి వస్తున్నప్పుడు కారులో బాబాయి, "నా ప్యాషన్‌కి థాంక్యూ అట్రా" అన్నారు. ఆ తరవాత అది ఆయనకి ఊతపదమైపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే "నీ ప్యాషన్‌కి థాంక్యూ" అనేవారు పిన్నితో. అందరం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వేవారు కాదు.

రెండేళ్ళ కిందట ఆయనకి జబ్బు బయటపడింది. డాక్టరు దగ్గరికి నేనే డ్రైవ్ చేశాను. మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే జుట్టు రాలిపోతుందని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. మిగతా సంగతులేవీ ఆయన అడగలేదు. కారెక్కాక అన్నారు, "ముందు గుండు చేయించుకోవాలి రా. స్వామికిస్తానన్నది ఆస్పత్రి బాత్రూమ్ తూములో పోనిస్తానా?"

"కానీ బాబాయ్, గెలవలేదు కదా. గెలిస్తేనే కదా ఇస్తానన్నారు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలీదు. బహుశా ఆయన ఇంకా ఆగగలరని వినాలనిపించింది.

"స్వామి ఇవ్వబోయాడు రా. ఒకసారి కాదు. నువ్వూ చూశావు. ప్రతిసారీ ఆ మహానుభావుడు అడ్డుపడ్డాడు. వాడు చేసిన దానికి నేను స్వామికిచ్చిన మాట తప్పమంటావా?"

ఇక్కడ గుళ్ళో కత్తి పట్టేవాళ్ళుండరు. బయట తీయించుకుని వెళ్ళి సమర్పించాలి. అరోరాలో ఒక చిన్న బార్బర్ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన పెద్దవాడు, మెక్సికో నుంచి వచ్చినవాడు, అద్దం మీద మా టీమ్ టోపీ వేలాడుతోంది. గోడ మీద టీవీలో మహానుభావుడు విలేఖరులతో మాట్లాడుతున్నాడు. ఆ ఏడు కూడా దారుణంగా ఓడాం. నిరాశగా ఉన్నా ఎంతో నేర్చుకున్నామట.

"ఇంత జుట్టు! జబ్బు చేసిన పిల్లలకి విగ్గులు చేసేవాళ్ళున్నారు, పంపమంటారా?" అన్నాడు షాపాయన.

"ఇది ఇదివరకే ఒకరికి ఇస్తానన్నాను" అని బాబాయి మొక్కు సంగతి చెప్పారు. మా టీమ్ ఛాంపియన్ అయితే ఈ జుట్టు దేవుడికి ఇస్తానన్నానని.

షాపాయన చేతిలో కత్తెర ఆగింది. "గెలిచామా?" అన్నాడు. "ఎప్పుడు? నాకు తెలీకుండా ఎప్పుడు గెలిచాం?"

"గెలవలేదు" అన్నారు బాబాయి.

"మరి?"

"నాకు టైమ్ లేదు. మాట తప్పింది వాళ్ళు. నేను తప్పను."

ఆ పెద్దాయన అద్దంలో బాబాయిని కాసేపు చూశాడు. వెళ్ళి టీవీ కట్టేశాడు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, జడ మొదట్లో కత్తెర పెట్టాడు.  జడని ఉతికిన తెల్ల తువ్వాలులో చుట్టి రెండు చేతులతో అందించాడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఒక మనిషి ఇన్నేళ్ళు మోసిన మొక్కు, గెలిచిన నాడు బంధువులందరి ముందు, కొబ్బరికాయలు కొట్టి తీర్చుకోవలసింది. ఇలా, ఒక పని రోజు పొద్దున్న, ఓడిపోయిన సీజన్ చివర, జబ్బుకి భయపడి తీర్చుకోవలసి వచ్చింది.

బాబాయి మాత్రం బోడితల తడుముకుని, "గాలి తగుల్తోంది రా" అన్నారు. అక్కడినుంచి తిన్నగా గుడికి వెళ్ళాం.

మందు పనిచేసింది, కొన్నాళ్ళు. పోయిన వేసవిలో జుట్టు మళ్ళీ మొలిచింది, పసిపిల్లల జుట్టులా మెత్తగా. ఆ షార్ట్‌స్టాప్ కుర్రాడు టీమ్‌లోకి వచ్చింది అప్పుడే. వాడి ఆట చూడటానికి నాలుగైదుసార్లు వెళ్ళాం. ఆ తరవాత జబ్బు తిరగబెట్టింది. చివరిసారి నేను చూడటానికి వెళ్ళినప్పుడు బయట మంచు కురుస్తోంది. దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. తెల్లటి జుట్టు చెవుల మీద పడుతోంది.

"జుట్టు బాగా పెరిగిందే బాబాయ్! కటింగ్‌కి తీసుకెళ్ళనా?" అన్నాను.

ఆయన టోపీ అందుకుని తల మీదికి లాక్కున్నారు. "ఎందుకులే. ఆ కుర్రాణ్ణి చూశావా, కుడివైపు ఎలా దూకుతాడో? వాణ్ణొక్కణ్ణి అమ్మకుండా ఉంచితే చాలు రా. రెండేళ్ళు. రెండేళ్ళు చాలు."

మాట మారుస్తున్నారనుకున్నాను.

ఇదిగో, మొన్న ట్రైన్‌లో పిన్ని ఫోన్‌లో చెప్పింది ఈ సంగతే. "అమ్మేశారటగా" అన్నాక అంది, "ఒక మాట చెప్పనా అబ్బాయ్. నవ్వకు. పోయినేడు జుట్టు మొలవగానే నన్ను గుడికి తీసుకెళ్ళమన్నారు మీ బాబాయి. స్వామి ముందు నిలబడి ఏదో గొణుక్కున్నారు. ఏమిటండీ అంటే చెప్పలేదు. ఆ రోజు నుంచి కటింగ్ అంటే ససేమిరా. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలీదూ?"

"మళ్ళీ అదే మొక్కా పిన్నీ?"

"అదే. ఈసారి కూడా గడువు పెట్టి ఉండరు." ఆవిడ నవ్వబోయింది. "మొక్కు తీరకుండా ఇంటి మీద ఉండిపోకూడదంటారు. అమ్మాయికి చెప్తే 'ఇట్స్ ఓకే అమ్మా' అంటుంది. ఈ ఏడు కొలువు కూడా పెట్టను కదా, పోయినేడు మీరు తెచ్చిన ఆ కుర్రాడి బొమ్మ ఎక్కడ పెట్టాలో తెలీడం లేదు. పోనీలే, ఏదో చెప్పుకోవాలనిపించింది. నువ్వేం మనసులో పెట్టుకోకు."

ఫోన్ పెట్టేశాక స్క్రీన్ మీద మళ్ళీ ఆ వార్తే కనిపించింది. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న మహానుభావుడి ఫోటో. ఆయన ఉత్సాహం. ఆయన భవిష్యత్తు. పైకే అనేశాను, "థూ" అని. ఎదురు సీట్లో చదువుకుంటున్నావిడ తలెత్తి చూసింది. సారీ చెప్పి, బుకింగ్ తెరిచి, శనివారం కటింగ్ క్యాన్సిల్ చేశాను.

మళ్ళీ ఎప్పటికి బుక్ చేయమంటారని ఆ యాప్ అడిగింది. ఆ ముక్క వెళ్ళి ఆ మహానుభావుణ్ణి అడగాలి.